విదేశాల్లో ఫార్మసిస్టు ఉద్యోగం: సీటు తీసుకునే రోజే తేలిపోయే సంగతులు

ఇప్పుడు తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో బీఫార్మసీ మొదటి సంవత్సరం చదువుతున్న పిల్లల్లో చాలామంది పుట్టకముందే వాళ్లకు అమెరికాలో ఒక తలుపు మూసుకుపోయింది. 2003 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ ఫార్మసీ డిగ్రీ పూర్తిచేసిన విదేశీయులు అక్కడ ఫార్మసిస్టు లైసెన్సుకు ప్రయత్నించాలంటే కనీసం ఐదేళ్ల కోర్సు చదివి ఉండాలి. అక్కడి రాష్ట్రాల ఫార్మసీ బోర్డులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న జాతీయ సంఘం ఎన్‌ఏబీపీ పెట్టిన నిబంధన ఇది. మన బీఫార్మసీ నాలుగేళ్లు. దాని మీద రెండేళ్ల ఎంఫార్మసీ చేసినా ఆ లోటు పూడదు. వాళ్లు చూసేది మనిషిని ఫార్మసిస్టుగా తయారుచేసే మొదటి డిగ్రీని, ఆపైన చేసిన పీజీని కాదు.

ఈ సంగతి చాలామందికి తెలిసేది నాలుగో సంవత్సరంలోనో, డిగ్రీ చేతికొచ్చాకో. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఆ కొద్ది రోజుల్లో ఇంట్లో నడిచే మాటలన్నీ ఫీజెంత, కాలేజీ బస్సు మన ఊరి మీదుగా వస్తుందా, హాస్టల్ తిండి ఎలా ఉంటుంది అనే వాటి చుట్టూనే తిరుగుతాయి. నాలుగేళ్ల బీఫార్మసీ, ఆరేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) రెండూ ఒకే పరీక్షతో వచ్చే సీట్లు కాబట్టి వాటి మధ్య తేడా రెండేళ్ల కాలం, రెండేళ్ల ఫీజు అని మాత్రమే లెక్కేస్తారు. పద్దెనిమిదేళ్ల పిల్లను తప్పుపట్టడానికి లేదు. చదువు పూర్తయ్యాక ఏ దేశం వైపు చూడాలనుకుంటున్నావమ్మా అని ఆ పిల్లను అప్పుడే అడిగేవాళ్లు ఉండాలి, ఆ జవాబును బట్టి కోర్సు మారుతుందని చెప్పేవాళ్లూ ఉండాలి. అలాంటివాళ్లు ఇళ్లలోనూ లేరు, కాలేజీల్లోనూ తక్కువే.

అమెరికా ఐదేళ్లు ఎందుకు అడిగిందో తెలిస్తే మిగతా దేశాల నిబంధనలు కూడా సులువుగా అర్థమవుతాయి. ఆ కాలానికి అక్కడ ఫార్మసిస్టు కావడానికి ఫార్మ్‌డీ ఒక్కటే డిగ్రీగా మిగిలింది. మందు తయారీ, మందు రసాయనం కంటే మందు వేసుకునే మనిషి వైపు చదువు మళ్లింది. ఆసుపత్రి వార్డులో డాక్టరు పక్కన నిలబడి ఈ రోగికి ఈ మోతాదు ఎక్కువ, ఈ రెండు మందులూ కలిస్తే ప్రమాదం అని చెప్పగలిగేవాళ్లు వాళ్లకు కావాల్సి వచ్చారు. మన బీఫార్మసీ సిలబస్ ఎక్కువగా పరిశ్రమను చూసి పెట్టుకున్నది. మాత్ర ఎలా ఒత్తాలి, దాని నాణ్యత ఎలా పరీక్షించాలి అన్నవి బాగా నేర్పుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల అన్ని మందుల కంపెనీలు ఉన్న తెలుగునాట అది పనికొచ్చే చదువే. కానీ రోగితో మాట్లాడటం అందులో చివరి వరుసలో ఉంటుంది.

మన దేశంలో ఫార్మ్‌డీ 2008లో మొదలైంది. ఐదేళ్ల చదువు, ఆపైన ఒక ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఈ కోర్సు నడపాలంటే కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రితో ఒప్పందం ఉండాలని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా షరతు పెట్టింది. రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు ఉన్న తిరుపతిలో ఆ షరతు విలువ ఏమిటో చెప్పనక్కర్లేదు. చిత్తూరు పల్లెల నుంచి, కడప వైపు నుంచి, సరిహద్దు అవతలి తమిళ ఊళ్ల నుంచి వచ్చే అన్ని రకాల రోగులూ ఇక్కడ కనిపిస్తారు. ఫార్మ్‌డీ చదువుతున్న పిల్లలు కేస్ షీట్ల కోసం మాత్రమే వార్డుకు వెళ్లి వచ్చేస్తే ఆ అవకాశం చేజారినట్టే. బీఫార్మసీ అయినవాళ్లకు మూడేళ్ల ఫార్మ్‌డీ కూడా ఉంది. అమెరికా కోసమే అందులో చేరేవాళ్లు ఆ డిగ్రీని అక్కడ ఎలా లెక్కిస్తారో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకుని చేరడం మంచిది.

ఆరేళ్ల ఫార్మ్‌డీ ఉన్నవాళ్లకైనా అమెరికా దారి పొడవైనదే. ముందు డిగ్రీ కాగితాలను మూల్యాంకనం చేయించాలి. తర్వాత విదేశీ ఫార్మసీ గ్రాడ్యుయేట్లకు పెట్టే ఎఫ్‌పీజీఈఈ అనే పరీక్ష, దానితోపాటు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష. ఇవన్నీ అయ్యాక ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ వస్తుంది. అది లైసెన్సు కాదు, లైసెన్సుకు అడగడానికి అర్హత మాత్రమే. అక్కడి నుంచి ఏదో ఒక రాష్ట్రంలో ఇంటర్న్‌గా పనిచేయాలి. చాలా రాష్ట్రాలు 1,500 గంటలు అడుగుతాయి. ఆపైన నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, చాలా రాష్ట్రాల్లో ఔషధ చట్టాల మీద ఇంకో పరీక్ష. టోఫెల్‌లో ఒక్కో విభాగానికి 30 మార్కుల లెక్క ఉన్న రోజుల్లో స్పీకింగ్‌కు 26 కావాలనేవారు. సబ్జెక్టులో గట్టిగా ఉన్న మన పిల్లలు కూడా ఆ ఒక్క దగ్గర రెండుసార్లు, మూడుసార్లు ఆగిపోయేవారు. టోఫెల్ కొలత 2026 జనవరిలో మారింది. అయినా రోగితో తడబడకుండా మాట్లాడగలగాలి అన్న పట్టింపు ఎక్కడికీ పోలేదు.

ఇక్కడ ఇంకో అపోహ ఉంది. తిరుపతిలో ఏ వీధిలో చూసినా ఒక ఇంట్లో సాఫ్ట్‌వేర్ పనికి అమెరికా వెళ్లిన పిల్లలు ఉంటారు. ఎంఎస్ చేశారు, ఉద్యోగం వచ్చింది, అయిపోయింది. ఫార్మసీ కూడా అలాగే నడుస్తుందని ఇంటివాళ్లు అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ పనికి లైసెన్సు లేదు, ఫార్మసిస్టు పనికి ఉంది. బీఫార్మసీ తర్వాత అమెరికాలో రెగ్యులేటరీ అఫైర్స్‌లోనో, ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌లోనో ఎంఎస్ చేసి కంపెనీల్లో మంచి స్థానాల్లో ఉన్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అది గౌరవమైన దారి. కానీ ఆ ఎంఎస్‌తో మందుల షాపు కౌంటరు వెనుక ఫార్మసిస్టుగా నిలబడటం కుదరదు. ఈ రెండూ ఒకటే అన్నట్టు కన్సల్టెన్సీలు మాట్లాడితే అక్కడే నిలదీయాలి. లైసెన్సు ఉన్నంత మాత్రాన వీసా రాదు, అదీ వేరే లెక్క. 2025 సెప్టెంబరులో అమెరికా తమ దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అంత సొమ్ము కట్టి ఒక ఫార్మసిస్టును పిలిపించుకునే యజమాని ఎంతమంది ఉంటారో ఆలోచించి ప్రణాళిక వేసుకోవాలి.

అమెరికా తలుపు మూసుకుంటే బీఫార్మసీ వృథా అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. కెనడా నాలుగేళ్ల డిగ్రీని తీసుకుంటుంది. బ్రిటన్ తీసుకుంటుంది. ఆస్ట్రేలియాకు కూడా మన బీఫార్మసీ వాళ్లు వెళుతున్నారు.

కెనడాలో ముందు నాప్రా అనే సంస్థ వాళ్ల పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. తర్వాత పీఈబీసీ అనే పరీక్షల బోర్డు కాగితాలు పరిశీలించి, ఎవాల్యుయేటింగ్ పరీక్ష రాయనిస్తుంది. అది దాటితే క్వాలిఫైయింగ్ పరీక్ష రెండు భాగాలు. మొదటిది ప్రశ్నలకు జవాబులు గుర్తించేది. రెండోది ఓస్కీ. మనవాళ్లు భయపడేది దీనికే. ఒక గదిలోకి వెళితే అక్కడ రోగి వేషంలో ఒకరు కూర్చుని ఉంటారు. కొన్ని నిమిషాల్లో వాళ్ల సమస్య ఏమిటో అడిగి తెలుసుకోవాలి, వాళ్లు చెప్పని దాన్ని రాబట్టాలి, మందు ఇవ్వాలో డాక్టరు దగ్గరికి పంపాలో తేల్చాలి, అర్థమయ్యేలా చెప్పాలి. గంట మోగగానే ఇంకో గది, ఇంకో రోగి. గైడ్లు బట్టీ పట్టి దీన్ని గట్టెక్కడం కుదరదు. ఆ తర్వాత ఏ రాష్ట్రంలో పనిచేయాలో అక్కడి ఇంటర్న్‌షిప్, చట్టం పరీక్ష ఉంటాయి. క్యూబెక్ మాత్రం ఫ్రెంచి రాష్ట్రం, దాని పద్ధతి వేరు.

బ్రిటన్‌లో జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ దగ్గర నమోదు కావాలి. మన డిగ్రీ ఉన్నవాళ్లు అక్కడి యూనివర్సిటీలో ఓస్పాప్ అనే ఏడాది కోర్సు చదవాలి, తర్వాత 52 వారాల శిక్షణ, చివర్లో రిజిస్ట్రేషన్ పరీక్ష. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 7కు తగ్గకూడదు, అదీ ఒకే విడతలో. మూడింట్లో 8 వచ్చి రైటింగ్‌లో 6.5 వస్తే మళ్లీ రాయాల్సిందే. కోర్సుకు విదేశీ విద్యార్థుల ఫీజు కడతారు కాబట్టి ఇది డబ్బు ముందుగా పోసే దారి. కెనడా దారి కాలం ఎక్కువ తినేది. ఇంట్లో పొలమో స్థలమో తాకట్టు పెట్టి పంపే తల్లిదండ్రులకు ఈ తేడా తెలియాలి.

ఆస్ట్రేలియాలో చాలా ఏళ్లు కాప్స్ అనే పరీక్ష ఉండేది. 2025 నుంచి దాని స్థానంలో ఓప్రా వచ్చింది. కోచింగ్ సెంటర్లలో ఇప్పటికీ కాప్స్ పేరుతోనే పాత మెటీరియల్ అంటగడితే జాగ్రత్త. పరీక్ష తర్వాత అక్కడ పర్యవేక్షణలో దాదాపు ఏడాది పని, రాతపరీక్ష, మౌఖిక పరీక్ష. జర్మనీ వెళ్లాలనుకునేవాళ్లకు ముందు జర్మన్ భాష, అదీ మందుల మీద వృత్తిపరంగా మాట్లాడే స్థాయిలో. ఆ తర్వాతే మన డిగ్రీకీ వాళ్ల డిగ్రీకీ ఉన్న తేడాను పూడ్చే పరీక్ష.

అన్ని దేశాలూ ఇంతగా పరీక్షించడం మన చదువు మీద చిన్నచూపు అని కొందరికి బాధ. అక్కడి ఫార్మసిస్టు చేసే పని చూస్తే అది చిన్నచూపు కాదని తెలుస్తుంది. ఇంగ్లండులో 2024 జనవరి చివర నుంచి గొంతునొప్పి, చెవినొప్పి, సైనస్, ఆడవాళ్లలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటి ఏడు సమస్యలకు డాక్టరు దగ్గరికి వెళ్లకుండానే ఫార్మసిస్టు చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇవ్వగలిగే ఏర్పాటు వచ్చింది. ఇవ్వగలగడం ఒక బాధ్యత, ఇవ్వకూడదని చెప్పి పంపడం ఇంకా పెద్ద బాధ్యత. అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా ఫార్మసిస్టులు టీకాలు వేస్తారు. మన మెడికల్ షాపులో చీటీ లేకుండా ‘రెండు జ్వరం మాత్రలు, రెండు ఒళ్లునొప్పుల మాత్రలు’ అని అడిగితే కత్తెరతో కత్తిరించి ఇచ్చే అలవాటు మనిషి చేతుల్లోంచి పోవాలంటే శిక్షణ కావాలి కదా.

మందుల పేర్లే మారిపోతాయి. మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. బ్రాండు పేరుతో మాత్రమే మందును గుర్తుపెట్టుకున్నవాళ్లకు ఇవన్నీ కొత్త మందుల్లా కనిపిస్తాయి. జనరిక్ పేరు, అది ఏ తరగతి మందు, ఎలా పనిచేస్తుంది అని రెండో సంవత్సరం నుంచే అలవాటు చేసుకున్నవాళ్లకు ఏ దేశపు పరీక్షయినా సగం తేలికవుతుంది.

ఇంటి దగ్గర చేయాల్సిన పనుల్లో అందరూ వాయిదా వేసేది రిజిస్ట్రేషన్. డిగ్రీ రాగానే ఆంధ్రప్రదేశ్ ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ ఫార్మసిస్టుగా పేరు చేర్చుకోవాలి. ‘నేను ఎలాగూ బయటికి పోతున్నాను, ఇక్కడ రిజిస్ట్రేషన్ ఎందుకు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. అక్కడి బోర్డులు మొదట అడిగేది అదే. నీ సొంత దేశంలో నువ్వు ఫార్మసిస్టువేనా, నీ మీద చర్యలేమైనా ఉన్నాయా అని. ఆ రెండో ప్రశ్నకు జవాబుగా కౌన్సిల్ ఇచ్చేదే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్. రెన్యువల్ తప్పిపోతే అది దొరకదు.

ఇక్కడే గల్ఫ్ సంగతి. పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు ఇళ్లలో కువైట్, దుబాయ్ కొత్త కావు. డ్రైవరుగా, ఇంటిపనికి వెళ్లిన తరం తమ పిల్లలను ఫార్మసీ చదివించి అదే దేశాలకు తెల్లకోటుతో పంపాలనుకుంటోంది. ఆ ఆశ చాలా విలువైనది. గల్ఫ్‌లో పరీక్ష కంటే ముందు డేటాఫ్లో అనే తనిఖీ ఉంటుంది. డిగ్రీ నిజమేనా అని యూనివర్సిటీని, రిజిస్ట్రేషన్ నిజమేనా అని కౌన్సిల్‌ని, పనిచేసింది నిజమేనా అని యజమానిని నేరుగా అడుగుతారు. తర్వాత పరీక్ష, చాలాచోట్ల ప్రోమెట్రిక్ అనే సంస్థ నిర్వహించేది. దుబాయ్‌కి ఒక ఆరోగ్య సంస్థ, అబుదాబికి ఇంకొకటి, మిగతా ఎమిరేట్లకు మంత్రిత్వశాఖ. సౌదీలో ఆరోగ్య వృత్తుల కమిషన్. డిప్లొమా అయిన డీఫార్మసీ వాళ్లకు అసిస్టెంటు, టెక్నీషియన్ స్థాయిల్లో అవకాశం ఉండేది కూడా ఎక్కువగా ఈ దేశాల్లోనే.

చాలాచోట్ల రెండేళ్ల అనుభవం అడుగుతారు. మన ప్రాంతంలో పిల్లలు దెబ్బతినేది ఈ అనుభవం కాగితం దగ్గరే. ఫార్మసిస్టు సర్టిఫికెట్‌ను ఏదో ఒక మెడికల్ షాపుకు నెలకు ఇంత అని అద్దెకిచ్చి, తాను ఇంకో ఉద్యోగం చేసుకోవడం ఊరూరా ఉన్న అలవాటు. అది చట్టవిరుద్ధం. పైగా తిప్పలు తెచ్చేది కూడా. కాగితం మీద ఆ షాపులో ఉన్న రెండేళ్లలోనే పీఎఫ్ రికార్డు ఇంకో కంపెనీలో చూపిస్తుంది. లేదా డేటాఫ్లో వాళ్లు మెయిల్ పంపితే షాపాయన జవాబివ్వడు, ఇచ్చినా తేదీలు తప్పు చెబుతాడు. వ్యతిరేక నివేదిక ఒకసారి పడితే అది ఆ దేశంతో ఆగదు, తర్వాతి దరఖాస్తులన్నిటికీ నీడలా వెంటాడుతుంది. నెలకొచ్చే ఆ కొద్దిపాటి అద్దె డబ్బు కోసం చేజార్చుకునేది పదేళ్ల జీతం. నిజంగా కౌంటరులో నిలబడి, బ్యాంకు ఖాతాలో జీతం తీసుకుని, నియామక పత్రం దాచుకున్న పిల్లలకు ఈ భయం లేదు.

గల్ఫ్‌లోనూ తలుపులు సన్నబడుతున్నాయి. సౌదీ 2025 జూలై నుంచి ఐదుగురు, ఆపైన ఫార్మసీ సిబ్బంది ఉన్న చోట్ల సొంత దేశస్తుల వాటా పెంచింది. బయటి మందుల షాపుల్లో 35 శాతం, ఆసుపత్రి ఫార్మసీల్లో 65 శాతం వాళ్లవాళ్లే ఉండాలి. పదేళ్ల క్రితం వెళ్లిన బంధువు అనుభవం ఈరోజుకు సరిపోదు.

కాగితాల విషయంలో డబ్బు వృథా చేసుకునేవాళ్లూ ఉన్నారు. అపోస్టిల్, ఎంబసీ అటెస్టేషన్, ట్రాన్‌స్క్రిప్ట్ మూడూ వేర్వేరు. అపోస్టిల్ అంటే ఆ ఒప్పందంలోని దేశాలన్నీ ఒప్పుకునే ఒకే ధ్రువీకరణ ముద్ర. భారతదేశం 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉంది. యూఏఈ, కువైట్ అందులో లేవు కాబట్టి వాటికి రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర కావాలి. అమెరికా, కెనడా ఫార్మసీ బోర్డులకు ఈ ముద్రలతో పెద్దగా పనిలేదు. వాళ్లకు కావాల్సింది చదివిన సబ్జెక్టులూ మార్కులూ చూపుతూ యూనివర్సిటీ నుంచి నేరుగా తమకు చేరే ట్రాన్‌స్క్రిప్టు. విద్యార్థి చేతిమీదుగా, కవరు విప్పి వస్తే చెల్లదు. ఏ దేశమో తేలకముందే ఏజెంటు మాట విని అన్ని ముద్రలూ వేయించుకోవడం ఎందుకు? ఎస్వీయూ, పద్మావతి మహిళా యూనివర్సిటీ వాళ్లకు ఈ పని ఊళ్లోనే అవుతుంది. జేఎన్‌టీయూఏ అనుబంధ కాలేజీల్లో చదివినవాళ్లు అనంతపురం వెళ్లాలి. కాలేజీలో ఉండగానే సిలబస్ కాపీ, ల్యాబు గంటలు, ఆసుపత్రి గంటల లెక్క సంతకాలతో తీసి పెట్టుకుంటే ఐదేళ్ల తర్వాత మారిపోయిన ప్రిన్సిపాల్ కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు.

ఏజెంట్ల దగ్గర మోసపోతున్న కుటుంబాలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు విదేశీ ఉద్యోగానికి తీసుకోగలిగిన సర్వీసు చార్జి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకంటే ఎక్కువ అడిగేవాళ్ల లైసెన్సును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వానికి సొంతంగా ఓంక్యాప్ అనే విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది, ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ‘పరీక్ష లేకుండా లైసెన్సు ఇప్పిస్తాం’ అన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడితో లేచి వచ్చేయాలి. పైన చెప్పిన ఏ దేశంలోనూ అలాంటి దారి లేదు.

చివరగా పేరు. చదువూ మార్కులూ అన్నీ ఉన్నా, తెలుగువాళ్ల దరఖాస్తులు ఆగిపోయేది తరచుగా ఇక్కడే. ఎం. మునిలక్ష్మి అని ఒక అమ్మాయి ఉందనుకుందాం. పదో తరగతి మార్కుల మెమోలో ‘ఎం. మునిలక్ష్మి’. ఇంటర్‌లో ‘మునిలక్ష్మి ఎం’. డిగ్రీలో ‘మేకల మునిలక్ష్మి’. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం ఒకే గడిలో రాశారు. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు వచ్చింది. మనకు ఇవన్నీ ఒక్క మనిషే. అక్కడి గుమస్తాకు ఐదుగురు. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోతే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు గడిలో ‘తెలియదు’ అనే అర్థమిచ్చే మూడక్షరాలు పడతాయి. పరీక్ష కేంద్రంలో గుర్తింపు కార్డు మీది పేరూ దరఖాస్తులోని పేరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే కట్టిన ఫీజు పోయి వెనక్కి రావడమే.

దీన్ని సరిచేసుకోవడానికి అఫిడవిట్లు, గెజిట్ ప్రకటన, పాస్‌పోర్టు మళ్లీ తీయించుకోవడం అన్నీ ఉన్నాయి, ఒక్కోదానికి నెలలు పడుతుంది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఇంటిపేరును పూర్తిగా విప్పి దాని గడిలో దాన్ని రాయించుకోవడం, డిగ్రీ సర్టిఫికెట్‌కు పేరు ఇచ్చేటప్పుడు అదే వరుస పాటించడం చేస్తే చాలావరకు తప్పుతుంది. అన్నిటికంటే ముందుగా, బడిలో పదో తరగతి నామినల్ రోల్స్ రాసే రోజున టీచరు పిల్ల పేరు అడిగినప్పుడు, ఒట్టి ‘ఎం’ అనకుండా ‘మేకల’ అని చెప్పాలి.